రాగి లేని కేబుల్

ఇంటర్నెట్ వేగం పెరగాలని బూర్గంపాడు రోడ్డు వెంట పాత రాగి కేబుల్ పీకేసి ఫైబర్ వేశాం. రాగి దొంగలు అలవాటు కొద్దీ దాన్నీ తవ్వి కోశారు. లోపల గాజు పోగులు చూసి, అక్కడే పారేసి పోయారు. ముందైతే ఒక తీగ తెగితే ఒక ఇంటి ఫోనే పోయేది. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ మూగబోయాయి.

నేను గుంటలో కూర్చుని పోగులు అతికిస్తుంటే, పక్కనున్న ఎస్టీడీ బూత్ నుంచి ఒకామె వచ్చింది. భర్త ఖమ్మం దవాఖానాలో ఉన్నాడట.

"జల్దీ కానియ్యన్నా, పొద్దుగాల్నుంచి ఫోన్ కలుస్తలేదు," అంది.

సాయంత్రానికి లైను వచ్చింది. ఆమె ఫోన్ చేసి బయటికొచ్చి, "పొద్దుగాలనే పోయిండంట," అని గుంట పక్కనే కూలబడింది.

మర్నాడు ఆఫీసులో మా సారు నా భుజం తట్టాడు.

"కొత్త లైను మస్తు స్పీడుందయ్యా!"