మనుషుల్ని ఆఖర్న గీస్తానన్నాడు

మొన్న ఊరిబిండి పచ్చడికని వేరుశనగ విత్తనాలు వేయిస్తుంటే, ఆ వాసన వెంటే మా అవ్వ వంటిల్లు, దాని వెనకే కంబదూరు దిక్కున ఉన్న మా ఊరు మొత్తం వచ్చి నా పక్కన నిలబడ్డాయి. అప్పుడే మా అమ్మాయి హాల్లోంచి, "అమ్మా, ఈ ఊరు చూడు, భయంగా ఉంది" అని పిలిచింది. టీవీలో ఏదో పాత బొమ్మల సినిమా ఎలా తయారైందో చూపిస్తున్నారు. బొగ్గుతో గీసిన ఖాళీ వీధి, మూసిన తలుపులు, ఊరి మొదట్లో అడ్డంగా వేసిన కంప. అది మా వీధి.

ఆ బొమ్మ గీసినాయన నా చిన్నప్పుడు హైదరాబాదు నుంచి మా ఊరికి వచ్చాడు. సినిమా కథలో కరువు ఊరొకటి ఉందట, కరువెట్లుంటుందో తెలీక చూసి గీసుకుపోదామని వచ్చాడట. మాకు నవ్వొచ్చింది. అడిగినవాళ్లకు చూపించడానికి మా దగ్గర అది తప్ప ఇంకేముంది? పిల్లలమంతా వెంటపడి, గొర్రెలు ఒరుసుకొని నున్నబడిన గుండ్లూ, పలకలు పలకలుగా పగిలిన కుంటా, కలేకాయలు దొరికే గుట్టా, మట్టిమిద్దెల మీద ఎర్రగా ఆరబోసిన మిరపకాయలూ అన్నీ తిప్పి చూపించాం. మధ్యాహ్నమైతే మా అరుగు మీదే ఆయనకు సంగటి, ఊరిబిండి.

"ఏమప్పా, రాళ్లు, గోడలే గీస్తాండావు. మనుషులం కనపడల్యా నీకు?" అంది అవ్వ ఒకరోజు.

"మనుషుల్ని ఆఖర్న గీస్తానవ్వా. ముందు నిన్నే," అన్నాడు. ఏనాడూ ఫోటో దిగని మా అవ్వ, ఆ మాట నమ్మి, పండక్కు దాచుకున్న చీర పెట్టెలోంచి బయటికి తీసింది.

వాన మొహం చాటేసిన ఏడు మా ఊళ్లో ఒక ఆచారం ఉండేది. తెల్లారకముందే ప్రతి ఇంట్లో పొయ్యి ఆర్పి, ఊరి మొదట్లో కంప అడ్డం వేసి, పసిపిల్లల నుంచి పశువుల దాకా అందరం చింతతోపుకు పోయేవాళ్లం. పొద్దు గుంకేదాకా ఎవరూ ఊళ్లో అడుగుపెట్టకూడదు, పెడితే వాన రాదంటారు. ఆయన ఉండగానే ఆ రోజు వచ్చింది. "నువ్వూ మా ఊరోనివే, తోపుకాడికి రాప్పా" అని నాయన ముందురోజే పిలిచాడు. తప్పకుండా వస్తానన్నాడు.

తోపంతా అలసంద వడల కమ్మదనం, ఓళిగల మీద కరిగే నెయ్యి, కొమ్మల మీద మా కోతికొమ్మచ్చి. అవ్వ ఆ చీర కట్టుకొని, ఆయనకొక ఆకు వేసి, దాని పక్కనే కూర్చుంది. అందరూ తిని లేచాక కూడా, "ఆ ఆకు తీయొద్దండి, బొమ్మలాయప్ప వస్తాడు" అంటూ ఈగలు తోలుతూనే ఉంది.

సాయంత్రం తిరిగొస్తే కంప పక్కకు జరిపి ఉంది. దుమ్ములో మా అరుగు దాకా బూట్ల అడుగులు.

"ఏ కుక్కో జరిపింటాది," అంది అవ్వ.

"కుక్క బూట్లేసుకుంటాదేమ్మా," అన్నాడు నాయన.

మరుసటి పొద్దున్నే ఆయన చెప్పకుండా బస్సెక్కి పోయాడు. ఆ ఏడు వానా రాలేదు. దానికి ఆయనే కారణమని నేననను గానీ, ఆ అడుగుల్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

టీవీలో జుట్టు నెరిసిన ఆయనే చెబుతున్నాడు: "నేను వెళ్లేసరికి మనిషన్నవాడు లేడు. శాపం తగిలినట్టు ఊరు వదిలి పోయారు." నాకు ఒళ్లు మండింది. మా సంగటి తిన్న నోరే అది. బొమ్మలో మాత్రం మా గుమ్మం, అవ్వ బోర్లించిన చెంబు, గోడకు ఆనించిన చేట, ఏదీ తప్పలేదు. ఇప్పుడా మిద్దె లేదు, అరుగు లేదు, తోపు కొట్టేసి గాలిమరలు నిలబెట్టారు. అవ్వ పోయి ఏళ్లయింది. మా ఊరికి మిగిలిన బొమ్మ ఇదొక్కటే, ఇందులో మేం లేము.

"వీళ్లంతా ఎక్కడికి పోయారమ్మా?" అని అడిగింది మా అమ్మాయి.

"ఎక్కడికీ పోలేదు. తోపులో కూర్చొని, ఇతని కోసం వేసిన ఆకు మీద ఈగలు తోలుతున్నారు," అన్నాను.