గదిలో విన్నదే లెక్క

యూనివర్సిటీ లైబ్రరీలో ఆమెను జల్లెడ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కోపం లేదు. డిప్యూటీ లైబ్రేరియన్ అయినప్పటినుంచి అక్కడి ప్రతి సెలక్షన్ కమిటీకీ ఆమే అధ్యక్షురాలు. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరస. నవ్వకూడదు, తల ఊపకూడదు. అభ్యర్థి గురించి బయట ఏం తెలిసినా తలుపు దగ్గర వదిలి రావాలి. గదిలో విన్నదే లెక్క.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఆమె ఉద్యోగంలో చేరినప్పుడు కమిటీలో ఆమె మేనమామ ఉన్నాడు. రాతపరీక్షలో అందరికంటే ముందు నిలిచింది ఆమే. అయినా చాలాకాలం ఒక మాట ఆమె వెనకాలే నడిచింది: "మావయ్య వేయించిన కుర్చీ." ఆ మాట మింగింది. అరగలేదు.

ఇంట్లోనూ అంతే. "అమ్మ చేత బాగుందనిపించుకోవాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి" అంటుంది కూతురు.

"పెళ్లినాడే పెట్టాను తల్లీ. ఇంకా పరిశీలనలో ఉంది" అంటాడు భర్త.

ఆమె నవ్వదు.

ఈసారి ఖాళీ అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టు. ఆ పని ఏళ్ల తరబడి చేస్తున్న మనిషి ఒకతి ఉంది. ఏటా కాంట్రాక్టు పొడిగించుకుంటూ వచ్చింది కాబట్టి ఆమెను టెంపరరీ అంటారు. భర్త మంచాన పడ్డాక ఇల్లు ఆ జీతం మీదే నిలబడింది. పోస్టులోకి వేరేవాళ్లు వస్తే కాంట్రాక్టు ఉండదు. మళ్లీ ఎక్కడైనా దరఖాస్తు చేద్దామంటే ఈ ఏడుతో వయసు దాటిపోతుంది.

టెంపరరీ జల్లెడను అక్కా అని పిలిచేది. మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తినేవారు. ప్రకటన పడిన రోజు జల్లెడ తన డబ్బా తీసుకుని వేరే బల్లకు వెళ్లింది.

"నేనేం చేశానక్కా?"

"ఏం చెయ్యలేదు. ఇంటర్వ్యూ అయ్యేదాకా మేడమ్ అను."

ఇంటర్వ్యూ రోజు పొద్దున వచ్చినవాళ్లకు లైబ్రరీ అంతా తిప్పి చూపించడం అక్కడి పద్ధతి. చూపించేది ఎప్పుడూ టెంపరరీయే.

"మేడమ్, ఇవాళ ఆవిడ కూడా అభ్యర్థే కదా. ఇంకెవరినైనా పంపుదాం" అన్నాడు కమిటీలో ఉన్న కంప్యూటర్ల ఇన్‌చార్జి.

"అది ఆమె పని. ఇవాళ తప్పిస్తే మినహాయింపు ఇచ్చినట్టు" అంది జల్లెడ.

వచ్చినవాళ్లలో మిగతావాళ్లు బీరువాలు చూశారు. నీలం చొక్కా అతను టెంపరరీని చూశాడు. సెల్లార్‌లో మెట్ల కింద ఆగి, "ఇంత పెద్ద లైబ్రరీని ఒంటిచేత్తో ఎలా నెట్టుకొస్తున్నారక్కా?" అన్నాడు. ఆ మాట ఆమెను అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఆమె చెప్పింది. థీసిస్‌లు ఇక్కడ చెమ్మ పీలుస్తున్నాయి. పై అంతస్తులో పేపర్ల హాలుకు ఇప్పుడు ఎవరూ రారు. వీటిని అక్కడికి ఎక్కించి, తూర్పు కిటికీ పక్కన పరిశోధకులకు బల్లలు వేస్తే చాలు.

"బాగుందక్కా" అన్నాడు నీలం చొక్కా.

చివరి ప్రశ్న అందరికీ ఒకటే: ఈ లైబ్రరీలో మీరు మొదట మార్చేది ఏమిటి? నీలం చొక్కా సెల్లార్ గురించి చెప్పాడు. చెమ్మ గురించి, పేపర్ల హాలు గురించి, తూర్పు కిటికీ గురించి. "పొద్దున చూస్తుంటే తట్టింది సార్" అన్నాడు. కమిటీలో ఉన్న చరిత్ర ప్రొఫెసర్ నియమం మరచి తల ఊపాడు. జల్లెడ పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఆ కిటికీ గురించి ఆమె అన్నం తింటూ ఎన్నోసార్లు వింది. తర్వాత మార్కులు వేసింది. మంచి మార్కులే.

లోపలి అభ్యర్థిని ఆఖర్న పిలుస్తారు. టెంపరరీ ఉతికి ఇస్త్రీ చేసిన చీరలో వచ్చింది. చివరి ప్రశ్నకు ఆమె ముఖం వెలిగింది. సెల్లార్ దగ్గర మొదలుపెట్టింది. కిటికీ దాకా వచ్చేసరికి ప్రొఫెసర్ నవ్వుతున్నాడు.

"ఇందాక వచ్చిన అబ్బాయి గానీ మీకు చెప్పి వెళ్లాడా అమ్మా?"

టెంపరరీ జల్లెడ వైపు చూసింది. నోరు తెరిచింది.

"అది మన ప్రశ్నల్లో లేదు. జవాబు అక్కర్లేదు. మీరు వెళ్లొచ్చు" అంది జల్లెడ.

తలుపు మూసుకుంది.

"మేడమ్, అది ఆవిడ ఆలోచనే. మీతో చెబుతుంటే నేను విన్నాను" అన్నాడు ఇన్‌చార్జి.

"ఎక్కడ?"

"క్యాంటీన్‌లో."

"గదిలో?"

అతను కాగితాలు సర్దుకున్నాడు.

సాయంత్రం జల్లెడ సెల్లార్‌కు దిగింది. టెంపరరీ ఒక థీసిస్ అట్టను పొడిగుడ్డతో తుడుస్తోంది.

"అతన్నే తీసుకున్నాం."

గుడ్డ ఆగలేదు. "అది నా మాటేనని మీకు తెలుసక్కా."

"తెలుసు."

"ఒక్క ముక్క అనుంటే ఏం పోయేది?"

"నేను వేయించిన కుర్చీ అనేవాళ్లు నిన్ను. జీవితాంతం పడేదానివి."

"పడేదాన్ని. జీతం తీసుకుంటూ పడేదాన్ని."

జల్లెడ అలమర వైపు చూసింది. అట్టల అంచులు నల్లగా ఉన్నాయి.

"సోమవారం చేరతాడు. నువ్వు నెలాఖరు దాకా ఉంటావు. అంతా చూపించు."

టెంపరరీ థీసిస్‌ను దాని చోట పెట్టింది.

"చూపించాను కదా, మేడమ్."