ఎలిజబెత్ టీచర్ గేట్ మీటింగ్

గోదావరిఖని బొగ్గుబావుల గేట్ల దగ్గర మైకు పట్టేది యూనియన్ నాయకులే. షిఫ్టు మారే వేళ లోపలికి పోయేవాళ్లూ బయటికి వచ్చేవాళ్లూ ఒక్కచోట దొరుకుతారు కనుక ఏ మాటైనా అక్కడే చెప్పాలి. దాన్నే గేట్ మీటింగ్ అంటారు. ఈ జూన్‌లో ఆ మైకు మా హెడ్మాస్టరమ్మ ఎలిజబెత్ పట్టింది. పక్కన నిలబడ్డ నేను, అదే బడి టీచర్ని, మైకు వైరు సర్దుతున్నట్టు తల వంచుకుంటే, ఆవిడకు మాత్రం పెళ్లికి వచ్చినంత హుషారు!

ఆవిడ తండ్రి ఆమోసు బావిలో బొగ్గు నింపిన మనిషి. కార్మికుల కాలనీలోని మా సర్కారు బడిలోనే ఆవిడ అఆలు దిద్దింది. మొదట్లో చాలా ఏళ్లు ఇక్కడే పాఠాలు చెప్పి, తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగి, చివరికి అదే బడికి పెద్దగా వచ్చింది. పిల్లవాడు కనబడకపోతే క్వార్టర్ తలుపు తట్టాల్సిందే. జ్వరమైతే దవాఖానకు, బద్ధకమైతే చెవి పట్టుకుని బడికి!

నెలాఖరుకు ఆవిడ రిటైర్మెంటు. ఈలోగా ఒకటో తరగతి నిండకపోతే మా బడిని, డంపర్లు తిరిగే రోడ్డు అవతలి బడిలో కలిపేస్తామని పైనుంచి చెప్పేశారు. పొద్దున తల్లిదండ్రుల సమావేశం పెడితే ఒక్క తండ్రీ రాలేదు. సగం మంది బావిలో, సగం మంది రాత్రి షిఫ్టు చేసి నిద్రలో! ఇంతోటి తెలివికి మాకు జీతాలు.

"మనం పిలిస్తె ఆళ్లెట్ల వస్తరు సార్? మనమే గేటు కాడికి పోదాం" అన్నదావిడ.

మీ పిల్లల్ని మన సర్కారు బడిలోనే వేయండని మైకులో అదరగొట్టింది. చప్పట్లు మోగుతుండగా, ఆవిడ తొలినాళ్ల శిష్యుడు సదయ్య చెయ్యెత్తాడు.

"టీచరమ్మా, మరి మీ మనుమరాలు ఫెబా ఏ బడికి పోతున్నది?"

అడగకూడని మాటే అడిగాడు. ఆవిడ కొడుకు ఆరోన్‌ది ఆ బావిలోనే పని. తల్లితో పోట్లాడి మరీ కూతుర్ని ఒకటో తరగతికి ప్రైవేటు బడి వ్యాను ఎక్కించాడు. "నీ బడిల సదివి నేనేమయిన? బాయిల వడ్డ" అన్నాడట.

"ప్రైవేటు బడికే పోతున్నది బిడ్డా" అన్నదావిడ. "ముందుగాల నా ఇల్లు సక్కదిద్దుకోని వస్త."

మైకు కింద పెట్టేసింది. నాకు సదయ్య మీద ఒళ్లు మండిపోయింది.

అంతలో షిఫ్టు దిగిన ఆరోన్, మసి మొహంతోనే జనాన్ని తోసుకుంటూ వచ్చి మైకు అందుకున్నాడు.

"తప్పు మా అమ్మది కాదు, నాది. గింతమంది ముందల అబద్ధమాడకుంట నిలవడ్డది సూసిన్రా? బడిల మాకు నేర్పింది గదే. నేనే మరిషిన. రేపు ఫెబా మా అమ్మ బడికే పోతది. ఎవలెవలు వస్తరో రాన్రి!"

ఈలలే ఈలలు! రెండో షిఫ్టు సైరన్ కూడా ఎవరికీ వినబడలేదు.

తెల్లారి బడి ముందు జాతరే. సదయ్య మనుమణ్ణి భుజాన ఎక్కించుకుని అందరికంటే ముందొచ్చాడు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు స్నానమైనా చేయకుండా పిల్లల్ని పట్టుకొచ్చారు. తెల్ల చొక్కాల మీద బొగ్గు వేళ్ల గుర్తులు! గది చాలక వరండాలో చాపలు పరిచాం. ఈ వయసులో నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ఫెబాతో ఆరోన్ వచ్చాడు. హెడ్మాస్టరమ్మ కళ్లెర్రజేసింది.

"డ్యూటీకి నాగా వెట్టినవారా?"

"ఒక్క దినమే అమ్మా. నువ్వు నన్ను ఒక్కనాడన్న బడికి నాగా వెట్టనిచ్చినవా?"

ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది. ఫెబా చెయ్యి పట్టుకుని, "బెల్లు కొట్టున్రి సార్" అన్నది.