గాల్లో బిగించిన బోల్టులు

సరిహద్దు కొండల్లోని ఆ పోస్టుకి మధ్యాహ్నం మూడుంపావుకి చేరాం. ఎండ ఉంది, వేడి లేదు. కుడిపక్క కొండ, ఎడమపక్క లోయ, మధ్యలో ఒక్క లారీ పట్టే దారి. మూడు బంకర్లు, ఒక రేకుల షెడ్డు, వరసగా డీజిలు పీపాలు. నా దగ్గర కిట్ బ్యాగు, పరుపు చుట్ట, రైఫిలు. నేను లారీ డ్రైవర్ని. రోజూ తెల్లవారుజామున ఐదింటికి సరుకుతో పైకి వెళ్ళాలి, చీకటి పడేలోపు ఖాళీ బండితో దిగాలి. అదీ ఆర్డరు.

ఇప్పుడు ఊళ్ళో అందరూ నన్ను మంచు గురించే అడుగుతారు. వేళ్ళు కొరికేస్తుందా, శత్రువు కనిపిస్తాడా అని. మంచు సంగతి పక్కన పెట్టండి. ఆ ఏడు నెలలూ నన్ను కొరికింది వేరే.

అక్కడికి వచ్చేముందు సెలవు మీద ఖాజాగూడలో అక్కాబావల దగ్గర ఉన్నాను. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద బిల్డింగు లేస్తోంది. పగలంతా రాళ్ళు పేల్చడం, కంకర లారీలు తిరగడం. మా ఊరి దారి అంతా గుంతలే. బావ తన పాత కారుని కిరాయికి తిప్పేవాడు. పొద్దున పూట మాత్రం ఆ కారు అక్కది. క్యాన్సర్ జబ్బు ఆమె వెన్నెముకకి పాకింది. ఆదివారం తప్ప రోజూ దవాఖానలో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టేవారు. ఒక్కరోజు కూడా తప్పకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

గుంతలో పడ్డప్పుడల్లా కారు ముందు భాగం నుంచి టక్కుమని దెబ్బ. అది నేరుగా అక్క నడుములో దిగేది. అరిచేది కాదు, పెదవి కొరుక్కునేది.

కిందికి దూరి చూశాను. ముందు చక్రాలని బాడీకి పట్టి ఉంచే ఇనుప ఆర్ములుంటాయి. వాటి చివర్లలో రబ్బరు బుష్‌లు. నాలుగూ అరిగి పగిలాయి. ఇనుముకి ఇనుము తగులుతోంది.

"బోరబండ మేస్త్రీకి ఇద్దామంటే ఆయన ఆదివారం దుకాణం తియ్యడు," అన్నాడు బావ. "వేరే దినం ఇస్తే కరెంటు తప్పుతది. ఆటోల అయితే మీ అక్క కూసోనే కూసోలేదు."

"మేస్త్రీ ఎందుకు బావా? ఎనిమిదేండ్ల సంది ఫౌజీ బండ్లు తోలుతున్న. నాలుగు బుష్‌లు నేను ఎయ్యలేనా?"

సెలవులో చివరి రోజు ఆదివారం. పొద్దున ఆరున్నరకి వాకిట్లో మొదలుపెట్టాను. సాయంత్రం ఐదున్నరకి రైలు. జాకీతో లేపి, కింద బండరాళ్ళు పెట్టాను. పాత బుష్‌లు మొండికేశాయి. ఇనుప గొట్టం ఆనించి సుత్తితో కొట్టి ఊడదీశాను. కొత్తవాటికి సబ్బునీళ్ళు రాసి, వెల్డింగు షాపు వైస్‌లో నొక్కి ఎక్కించాను. మూడైంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులన్నీ ఒంట్లో బలమంతా పెట్టి బిగించాను. ఆ తర్వాతే జాకీ దించాను.

స్టేషనుకి ఆ కారులోనే వెళ్ళాం. అక్క కూడా వస్తానని పట్టుబట్టింది. ఒక్క చప్పుడు లేదు.

"పానం నిమ్మలమైంది తమ్మీ," అంది. ఆ మాటకి ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఏ పతకం ఇచ్చినా అంత పొంగేవాణ్ణి కాదు.

పోస్టులో ఆరో రోజు. షెడ్డులో ఒక డ్రైవరు జాకీ మీదున్న జీపుకి బుష్ బోల్టు బిగిస్తున్నాడు. మెకానిక్ హవల్దారు, గుంటూరు వైపు మనిషి, అతని చేతిలోంచి పానా లాక్కున్నాడు.

"బుద్ధుందా నీకు? బండి నేల మీదకి దించి, బరువు పడ్డాక బిగించాలయ్యా. గాల్లో బిగిస్తే దించగానే రబ్బరు మెలిపడిపోద్ది. ఈ రోడ్ల మీద పది రోజుల్లో చీలిపోద్ది."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. తాగబుద్ధి కాలేదు. "చీలితే ఏమైతది ఉస్తాద్?" అని అడిగాను.

"ఏవవుద్ది? ముందుకంటే ఎక్కువ కొడుద్ది."

ఫోను రెండు గంటల దూరంలో, కింద బేసులో ఉంది. ఆ రాత్రే మంచు పడి దారి మూసుకుంది. ఉత్తరం కూడా దిగదు. రేడియో ఆపరేటర్ని బతిమాలాను.

"కారు బోల్టుల కోసం ఈ సెట్టు మీద మాట్లాడతావా? పిచ్చెక్కిందా?" అన్నాడు. అతని తప్పు లేదు.

తొమ్మిది రోజులకి దారి తెరిచారు. బేసు నుంచి అక్క ఇంటి దగ్గరి షాపుకి ఫోను చేశాను. పిలిపిస్తా, పట్టుకొమ్మన్నాడు షాపాయన. నాలుగు నిమిషాలు పట్టుకున్నాను.

"అక్కా, కారు చప్పుడు చేస్తుందా?"

"లేదు తమ్మీ. మంచిగుంది."

"చక్రాలు నేల మీదుండంగ బోల్టులు వదులు చేసి మళ్ళ బిగించమను బావను. మర్వకు."

"చెప్త తియ్. నువ్వు జర పైలం. ఫికర్ చెయ్యకు."

నమ్మాను. ఆ రోజు హాయిగా నిద్రపోయాను. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఏడో నెలలో టెలిగ్రాం వచ్చింది. నేను ఇల్లు చేరేసరికి పదకొండో రోజు కూడా దాటిపోయింది. బావ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. కారు గురించి నేనే అడిగాను.

"నువ్వు పోయిన రెండో వారంలనే చినిగినయ్," అన్నాడు. "మేస్త్రీకి ఇస్తనంటే కరెంటు తప్పుతదన్నది. అది అయిపోయేదాక అట్లనే పోయినం. నువ్వు ఫోన్ చేసిన్నాడు షాపుదాక ఆమెను నేనే ఎత్తుకపోయిన. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది. నీతోని మాట్లాడుతున్నంత సేపు నా చెయ్యి ఇడ్వలే."

జబ్బే తీసుకుపోయిందని, బుష్‌లు కాదని బావ నాకు మూడుసార్లు చెప్పాడు. నాకూ తెలుసు. కానీ నెలరోజులు ప్రతి గుంతలో ఆమెను కొట్టింది నా చెయ్యే.

మర్నాడు ఇద్దరం కలిసి మళ్ళీ కొత్తవి వేశాం. కారుని నేల మీద నిలబెట్టి, బరువు పడ్డాక, నేను కింద పడుకుని బిగించాను. చూద్దామని బావ బండి తీశాడు. నేను పక్కన కూర్చున్నాను. ఖాజాగూడ చెరువు దాటాక పెద్ద గుంత వచ్చింది. చప్పుడు లేదు. కానీ బావ కారుని నడక వేగానికి తెచ్చాడు. రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా ఎడమచెయ్యి వెనక్కి చాచి, అక్క కూర్చునే ఖాళీ సీటు మీద ఒక మనిషి ఒరిగి పడకుండా ఆపినట్టు, గుంత దాటేదాకా అలాగే పట్టి ఉంచాడు.