డోర్కాసమ్మ ఒంపేసిన అత్తరు

డోర్కాసమ్మకు 'కొంచెం' అంటే ఏమిటో తెలియదు. చాయ్ పోస్తే సాసర్ కూడా నిండుతుంది. తలనొప్పి అన్నవాళ్ల నెత్తిన నూనె సీసా బోర్లించి, చెవుల మీదుగా కారేదాకా మర్దనా చేస్తుంది. మైలార్‌దేవ్‌పల్లిలో ఒక్కరికి జ్వరమని ప్రార్థన మొదలుపెడితే, అత్తాపూర్ దాకా అందరికీ స్వస్థత అడిగి గానీ ఆమేన్ అనదు.

శంషాబాద్ చర్చిలో సంఘపెద్ద డేవిడ్ రాజుకు ఇదే పరేషాన్. ఆయనది కొలత చెయ్యి. ప్రేమవిందులో బగారన్నం కూడా గరిటె అంచుకు సమం చేసి వడ్డిస్తాడు.

"జర చెయ్యి కట్టేస్కో చెల్లె," అనేవాడు.

"ఇయ్యనీకే దేవుడు చేతులిచ్చిండన్నా, కట్టేసుకునుడెందుకు?"

ఆ ఆదివారం ఆయన ఆలస్యంగా వచ్చాడు. లోపల పాటలు మొదలయ్యాయి. వరండాలో డోర్కాసమ్మ ఒంగి, అందరి చెప్పుల మీదా అత్తరు ఒంపుతోంది! ఎయిర్‌పోర్టు దుకాణంలో పనిచేసే కూతురు జెరూషా మొదటి జీతంతో కొనిచ్చిన సీసా అది. డోర్కాసమ్మ తన జన్మలో దాచుకున్న వస్తువు అదొక్కటే.

"ఏందిది చెల్లె, చెప్పులకు అత్తరా?"

"ఔనన్నా. గా పిల్లల బూట్లు జర ఇటు జరుపు."

"గింత ఖరీదుది వృథా చేస్తున్నవ్! అమ్మి బీదలకియ్యరాదా?"

అనేశాక గానీ ఆ మాట ఎవరిదో ఆయనకు గుర్తురాలేదు. బేతనియలో మరియ యేసు పాదాలకు అత్తరు పూసినప్పుడు ఇస్కరియోతు యూదా అన్నది సరిగ్గా ఇదే. ముప్పై ఏళ్లుగా సండేస్కూల్లో ఆ పాఠం చెబుతున్నది తనే! నెత్తిమీద విమానం పోతోంది కాబట్టి ఎవరూ విని ఉండరని ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఇన్నగని, ఎవ్వరికీ చెప్పలే," అంది డోర్కాసమ్మ.

అని, గేటు వైపు చూపించింది. అక్కడ అనంతయ్య ఎండలో నిలబడి ఉన్నాడు. సెప్టిక్ ట్యాంకర్ మీద పనిచేస్తాడు. ఆదివారమూ డ్యూటీ నుంచి నేరుగా వస్తాడు. మూడు వారాలుగా గేటు దగ్గరే వాక్యం విని వెళ్తున్నాడు.

"గాలికి నిలబడ్డడనుకున్న," అన్నాడు డేవిడ్ రాజు.

"గాలికెవరన్న ఎండల నిలబడుతరా? ఆయన బూట్లు జూసి మనోళ్లే ముక్కుకు కొంగులు పెట్టుకున్నరు. వచ్చే వారం సంది ఇగ రానే రానంటున్నడు."

"గట్లయితే ఆయన బూట్లకే పొయ్యరాదు?"

"ఒక్కనియ్యే వాసనొస్తే మల్ల సిగ్గే గదన్నా. అందరియి ఒక్కతీరుగ వస్తే, ఎవరియి ఏవో ఎవరికెరుక?"

డేవిడ్ రాజు గేటు దాకా నడిచాడు. "రా అనంతయ్యా, లోపల నా పక్కన జాగుంది."

"బూట్లు..." అని నసిగాడు అనంతయ్య.

"బూట్లకేమైంది? అందరియి ఉన్నకాడనే ఇడువు."

అనంతయ్య మెట్టెక్కి గాలి పీల్చాడు. వరండా పెళ్లిల్లులా గుమగుమలాడుతోంది. ఫక్కున నవ్వి, బూట్లు విప్పి లోపలికి వెళ్లాడు. వెంటనే డోర్కాసమ్మ వాటిలోకి సీసా బోర్లించేసింది.

డేవిడ్ రాజు తన బూట్లు విప్పి ముందుకు తోశాడు. "వీటికి గూడ జర, చెల్లె."

ఆమె ఖాళీ సీసా ఊపి చూపించింది. "అయిపోయిందన్నా. ఇగ కంపుగొట్టేటియి నీయొక్కటే."

సంఘపెద్ద అటూ ఇటూ చూశాడు. తన బూట్లను కాలితో మెల్లగా జరిపి, అనంతయ్య బూట్లకు బాగా ఆనించి పెట్టి, లోపలికి నడిచాడు.