ఏరి దాచిన రాతి పనిముట్లు

సిరోంచ బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే మిస్త్రీ నాకు పాత స్నేహితుడు. పత్రికకు వార్తలు పంపే రోజుల నుంచీ ఆయన దుకాణం ముందు బల్ల మీద కూర్చోవడం నాకు అలవాటు. ఫోన్లు వచ్చాక గడియారాలు తగ్గాయి. ఖాళీ దొరికితే ఆయన కంటికి భూతద్దం బిగించుకుని రాళ్లు చూసేవాడు.

అవి రేగుంట దారిలో వాగు పక్కనున్న మొరం దిబ్బ మీద దొరికినవి. వానకు మట్టి కొట్టుకుపోయినప్పుడల్లా పైకి తేలేవి. నా కంటికి మామూలు రాళ్లే. ఫోనులో వీడియోలు చూసి ఆయన నేర్చుకున్నది నాకూ నేర్పాడు. దానంతటది పగిలిన రాయికి ఒక వరస ఉండదు. రాతియుగం మనిషి చెక్కిన రాయి మీద పెచ్చులు లేచిన గుంటలు పక్కపక్కనే ఉండి, రెండు వైపుల నుంచీ వచ్చి ఒక పదునైన అంచు దగ్గర కలుస్తాయి. మందంగా ఉన్న వైపు అరచేతిలో ఇముడ్చుకుంటే బొటనవేలికి సరిగ్గా ఒక చోటు దొరుకుతుంది. అక్కడ వేలు పెట్టి చాలాసేపు ఊరికే కూర్చునేవాణ్ని.

ఆయన భార్యకు ఈ వ్యవహారం నచ్చేది కాదు.

"మంచం కింద రాళ్లే, గూట్ల రాళ్లే. నా గోరీకి ఇప్పటిసంది జమ చేస్తున్నడే అన్నా."

"గోరీకి ఇంత మంచివి ఎవడు పెడ్తడు, ఊకో," అనేవాడు మిస్త్రీ.

రోడ్డు పనికి ఆ దిబ్బను తవ్వుతారని తెలిసిన నాటి నుంచి ఆయనకు తిండి సయించలేదు. ఆపించాలంటే ఈ రాళ్ల సంగతి చదువుకున్నవాళ్ల మాట కావాలి. నాగపూర్‌లో పురావస్తు పాఠాలు చెప్పే ఒక మేడంకు నేను ఫోటోలు పంపాను. వచ్చి చూస్తానని, నిజమైతే ఆ చోటును కాపాడమని పురావస్తు శాఖ కార్యాలయానికి రాసిస్తానని ఆమె అన్నారు.

ఆమె వచ్చేసరికి మిస్త్రీ తెల్ల దుప్పటి పరిచి రాళ్లన్నీ పేర్చాడు. గడియారం చక్రాలను కడిగినట్టు ఒక్కో రాయినీ పెట్రోలులో నానబెట్టి బ్రష్షుతో తోమాడు. ఆకు ఆకారంలో ఉన్న ఒకదాన్ని ఆమె తిప్పితిప్పి చూసి, అసలైనదేనని హిందీలో అన్నారు. మిస్త్రీ నా వైపు చూసి నవ్వాడు. వీటికి పట్టిన మట్టి ఏమైందని ఆమె అడిగారు.

"అంత సాఫ్ చేసిన మేడం."

ఆమె రాయిని దుప్పటి మీద పెట్టేశారు. దిబ్బ చూపించమన్నారు.

ఎండలో దిబ్బంతా తిరిగాం. ఆమె వంగి వెతుకుతూనే ఉన్నారు. ఒక్క పనిముట్టు లేదు. చిన్న పెచ్చు కూడా లేదు.

"టిప్పర్ల కింద నలిగిపోతయని మొత్తం ఏరిన. ఒక్కటి ఇడ్వలే," అన్నాడు మిస్త్రీ.

ఆమె మెల్లగా చెప్పారు. రాయి ఎక్కడ పడి ఉంది, ఏ మట్టిలో ఉంది, అదే సాక్ష్యం. ఏరి తెచ్చిన రాళ్లు ఎక్కడివైనా కావచ్చంటారు కార్యాలయం వాళ్లు. దిబ్బ లోపల ఇంకా ఉండొచ్చు, కానీ తవ్వి చూడాలంటే అనుమతి రావాలి. అంతదాకా రోడ్డు పని ఆగదు.

"అయితే మళ్ల తెచ్చి పరుస్త మేడం. ఏది యాడ దొరికిందో నాకు యాదికున్నది."

అలా చేస్తే అది అబద్ధమవుతుందని ఆమె అన్నారు.

"నేను అబద్ధం చెప్తలేను గద."

ఆమె తల దించుకున్నారు.

తవ్వకం మొదలైన రోజు మిస్త్రీ దుకాణం మూసేశాడు. ఇద్దరం దిబ్బ దగ్గరికి వెళ్లాం. జేసీబీ కోసిన మట్టి గోడలో, నడుము ఎత్తున, ఒక రాయి సగం బయటికి వచ్చి కనిపించింది. మట్టిలోని సున్నం తెల్లగా పేరుకుని ఉంది, ఒక అంచు మాత్రం తేటగా తెలుస్తోంది. ఆయన గబగబా దిగి చెయ్యి చాపి, మధ్యలోనే ఆగిపోయాడు.

"అన్నా, దీన్ని తియ్యాల్నా, ఇడ్వాల్నా?"

నేను ఫోటో కోసం ఫోను తీస్తున్నాను.

"చాచా, జరుగు జర," అని డ్రైవర్ కేకేశాడు.

మిస్త్రీ చెయ్యి వెనక్కి తీసుకుని పక్కకు జరిగాడు. జేసీబీ తొట్టె ఆ గోడ మీదికి దిగింది.