చప్పుడు లేని లైను

మా ఎక్స్‌ఛేంజ్ అక్క పోయిందని డోర్నకల్ నుంచి ఆమె తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన రెండుసార్లు హలో అని, లైను కట్టయిందనుకుని పెట్టేశాడు. అక్కయితే పెట్టేసేది కాదు. అది తలచుకుని ఏడ్చాను.

ఎనభైల మొదట్లో నేను మానుకోట టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేరినప్పుడు పని నేర్పింది ఆమే. ఇప్పటివాళ్లకు చెప్పాలి, అప్పుడు నంబరు నొక్కితే కలిసేది కాదు. ఎవరికి ఎవరు కావాలన్నా మేమే బోర్డు మీద తీగ గుచ్చి కలపాలి, మాటలయ్యాక పీకాలి. బయటి ఊళ్లకు పోయే ట్రంకు లైన్లు తక్కువ, వాటి కోసం కాచుకునేవాళ్లు ఎక్కువ. అందుకే లైను మీద చప్పుడు లేకపోతే "మాట్లాడుతున్నారా?" అని అడగాలి, జవాబు రాకపోతే పీకేయాలి. అది రూలు. జనగామ నుంచి వచ్చిన నాకు రూలంటే ప్రాణం. అడిగీ అడగకముందే పీకేదాన్ని. అక్క నాకు కత్తెరమ్మ అని పేరు పెట్టింది.

"సప్పుడు లేదంటే మనిషి లేడని కాదు బిడ్డా. జర ఆగు," అనేది, జామకాయ కొరుకుతూ. పొద్దుటి ప్యాసింజర్లో వచ్చే ఆమె సంచిలో ఎప్పుడూ జామకాయలే.

అలాగని అందరి కోసం ఆగేది కాదు. మిర్చి సేటు ఊరుకుంటే మనసులో ధర కట్టుకుంటున్నాడని కాస్త ఓపిక పట్టేది. రైల్వే స్టేషన్ లైనైతే, బండి సంగతి కనుక్కోవడానికి పోయి ఉంటారని ఇంకాస్త. ఒక దొరవారికి మాత్రం మాటలయ్యాక రిసీవరు బల్ల మీద పడేసి పోయే అలవాటు. "దొర తానానికి పోయిండు, పీకెయ్," అని పడీపడీ నవ్వేది.

ఒకనాడు గార్ల వైపు తండా నుంచి ఒక లంబాడీ ఆమె వచ్చింది. హైదరాబాదుకు కూలికి పోయిన పెనిమిటితో మాట్లాడాలి. కొడుకు జ్వరంతో దవాఖానలో ఉంటే, పిల్లగాడు దక్కడని ఎవరో పోయి ఆయనకు చెప్పారట. వాడు కోలుకున్నాడు. ఆ మాట చెప్పడానికి పొద్దుటి నుంచీ కూర్చుంది. మధ్యాహ్నానికి లైను దొరికితే, మా బోర్డు ఎదురుగా ఉన్న అద్దం తలుపు ఫోను గదిలోకి పంపాం. ఆమె ఫోను పట్టుకోవడం అదే మొదలు.

అవతలినుంచి ఆయన వాళ్ల భాషలో ఏదో అడిగాడు. ఇటునుంచి చప్పుడు లేదు. మళ్లీ అడిగాడు, ఈసారి మెల్లగా. ఆ తర్వాత ఆయనా ఆగిపోయాడు. "మాట్లాడుతున్నారా?" అన్నాను. ఎవరూ పలకలేదు. లైను కోసం కాచుకున్న ఒక పెద్దమనిషి కౌంటరు దగ్గర కేకలేస్తున్నాడు. నా చెయ్యి తీగ మీదికి పోయింది.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "గటు సూడవే!"

అద్దం తలుపులోంచి చూశాను. ఆ తల్లి రిసీవరు చెవికి ఆనించుకుని, నవ్వు మొహంతో, అవును అవునని తల ఊపుతోంది.

మధ్యలో కల్పించుకోవద్దని మాకు రూలు. అక్క మైకు దగ్గరికి లాక్కుంది. "తమ్మీ, నీ పెండ్లాం తలకాయ ఊపుతాంది. ఏమడిగినవ్?"

"పోరడు... పోరడున్నడా అని అడిగిన అక్కా."

"ఉన్నడంటాంది. మంచిగున్నడంటాంది."

ఆయన బతిమాలాడు. "ఇంకోపారి ఊపమను అక్కా."

అక్క లేచి అద్దం మీద తట్టింది. "ఓ చెల్లె, నీ పెనిమిటి ఇంకోపారి ఊపమంటాండు!"

ఆ తల్లి ఈసారి ఒంట్లో బలమంతా పెట్టి ఊపింది. చెంపల పక్కన వేలాడే వెండి కుచ్చులు రిసీవరుకు తగిలి గలగలమన్నాయి. ఆ గలగల నా చెవిలో పడింది, అక్కడ హైదరాబాదులో ఆయన చెవిలోనూ పడి ఉంటుంది. ఆయన ఏమీ అనలేదు. ఈమె ఊపుతూనే ఉంది. బయట పెద్దమనిషి కేకలేస్తూనే ఉన్నాడు. అక్క వచ్చి కూర్చుని, ఎవరూ పీకకుండా ఆ తీగ మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.